లైక్ కొట్టి వెళ్లిపోకండి: సరదాకి ఫొటోలు తీసేవాళ్ల 170 ఏళ్ల కథ

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో గ్యాలరీ తెరిచి ఎన్ని ఫొటోలున్నాయో చూడండి. ఐదు వేలా? పది వేలా? నా ఫోన్‌లో పదకొండు వేల చిల్లర ఉన్నాయి. సగం టీ గ్లాసులు, మబ్బులు, మా వీధి కుక్క, బస్సు కిటికీలోంచి తీసిన పొలాలు.

ఇప్పుడు రెండో ప్రశ్న. వాటిలో ఎన్ని ఫొటోల గురించి మీరు ఎవరితోనైనా రెండు నిమిషాలు మాట్లాడారు? లైకులు కాదండీ, మాటలు. నేను లెక్కపెట్టుకుంటే పది కూడా తేలలేదు.

ఈ ప్రశ్న ఎందుకు పట్టుకుందో చెప్తాను. మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఉంది. జీపు పక్కన నలుగురు మగవాళ్లు నిలబడి నవ్వుతున్నారు. ఒకాయన మా తాతయ్య. మిగతా ముగ్గురు ఎవరు? అది ఏ ఊరు? ఆ జీపు ఎవరిది? వెనక్కి తిప్పి చూస్తే ఖాళీ. చెప్పగలిగిన అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఫొటో చెక్కుచెదరలేదు, దాని కథ మాత్రం పోయింది.

అందుకే ఇవాళ కెమెరాల చరిత్ర కాకుండా, ఫొటోలు తీసి ఒకరికొకరు చూపించుకుని, వాటి గురించి మాట్లాడుకున్న మనుషుల చరిత్ర చెప్పుకుందాం.

1851కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆయన గాజు పలక మీద ఫొటో తీసే పద్ధతి ఒకటి ప్రకటించాడు. పలకకి కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, వెండి లవణాల్లో ముంచి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, ఆరేలోపే కడిగేయాలి. అంటే చేతిలో పది, పదిహేను నిమిషాలు. బయట ఫొటో తీయాలంటే చీకటి గుడారం, రసాయనాల సీసాలు, నీళ్లు, గాజు పలకలు, అన్నీ మోసుకుపోవాలి. ఆ పలక నుంచి కాగితం మీదికి బొమ్మ రావాలంటే రెండింటినీ కలిపి ఎండలో పెట్టాలి. మనం ఇప్పుడు ‘షేర్’ అని నొక్కే పనికి అప్పట్లో ఎండ కాయాలన్నమాట!

ఇంత కష్టం ఉన్నా సరదా కోసం తీసినవాళ్లు ఉన్నారు. డాక్టర్లు, సైనికాధికారులు, లాయర్లు. కష్టం ఎక్కువ కాబట్టే వాళ్లకి ఒకరి అవసరం ఇంకొకరికి పడింది. “నా పలక మీద మచ్చలు ఎందుకొస్తున్నాయి?” అని అడగాలంటే ఎవరో ఒకరు ఉండాలి కదా. 1855లో లండన్‌లో ఫొటోగ్రాఫిక్ ఎక్స్ఛేంజ్ క్లబ్ పుట్టింది. సభ్యులు తమ ఫొటోల కాపీలు తీసి ఒకరికొకరు పంపుకునేవాళ్లు. ఒక విధంగా మన ఫొటో గ్రూపులకి ముత్తాత అది.

మరి మన దేశంలో? అంతకంటే ఒక ఏడాది ముందే మొదలైంది. 1854లో బొంబాయిలో ఫొటోగ్రాఫిక్ సొసైటీ పెట్టారు. 1856లో కలకత్తాలో ఒకటి, మద్రాసులో ఒకటి. అప్పటి మద్రాసు అంటే మన కోస్తా, రాయలసీమలకి కూడా రాజధాని. ఈ సొసైటీల్లో ఎక్కువమంది తెల్లవాళ్లే అయినా మనవాళ్లూ ఉన్నారు. బొంబాయిలో డాక్టర్ భావూ దాజీ, కలకత్తాలో గొప్ప పండితుడు రాజేంద్రలాల్ మిత్రా.

ఈ మిత్రాగారి కథ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆయన బెంగాల్ సొసైటీలో మామూలు సభ్యుడు కాదు, దాన్ని నడిపించే బాధ్యతల్లో ఉన్న మనిషి. 1857లో కలకత్తాలో ఒక బహిరంగ సభలో తెల్లవాళ్ల మీద, ముఖ్యంగా నీలిమందు తోటల దొరల మీద విమర్శలు చేశారు. రైతుల చేత బలవంతంగా నీలిమొక్క పండించిన దొరలు వాళ్లు. ఆ మాటలు సొసైటీలోని తెల్లవాళ్లకి మంట పుట్టించాయి. చివరికి ఆయన్ని సొసైటీ నుంచి బయటికి పంపేశారు. మన భాషలో చెప్పాలంటే, గ్రూప్ నుంచి రిమూవ్ చేశారు.

ఆయన తీసిన ఫొటోల్లో తప్పేమీ లేదు, గొడవంతా ఆయన మాట్లాడిన మాటలతో. అంటే ఫొటోల గురించి కూర్చుని మాట్లాడుకునే చోట ఎవరికి కుర్చీ ఉంటుంది, ఎవరు నోరు మూసుకుని ఉండాలి అనే తగువు ఇప్పటిది కాదు. మన దేశంలో ఫొటో క్లబ్బులు పుట్టిన మూడేళ్లకే మొదలైంది.

ఇప్పుడు మన హైదరాబాద్ దాకా వచ్చే కథ. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో చదువుకుని, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. ప్లాన్లు గీసే, ఖర్చులు లెక్కగట్టే ఉద్యోగం. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టాడు. ఆ సరదా సరదాగానే మిగిలిపోయేదేమో. కానీ ఆ ఫొటోలు సెంట్రల్ ఇండియాలో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ కళ్లబడ్డాయి, ఆయన ప్రోత్సహించాడు. తర్వాత దీన్ దయాళ్ ఉద్యోగం వదిలేసి, హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. నిజాం ఇచ్చిన బిరుదు ‘ముసవ్విర్ జంగ్’. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు.

ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఒక ఉద్యోగి సరదా, చూసి మాట్లాడినవాళ్లు దొరకబట్టి, ఒక నగరానికి జ్ఞాపకంగా మిగిలింది.

సరే, ఇక్కడిదాకా డబ్బు, చదువు, తీరిక ఉన్నవాళ్ల కథ. మనలాంటి మామూలు జనం దాకా కెమెరా ఎప్పుడొచ్చింది? 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరా తెచ్చాడు. ధర 25 డాలర్లు, లోపల వంద ఫొటోలకి సరిపడా రోల్. అన్నీ తీశాక కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపితే, 10 డాలర్లకి ఫొటోలు కడిగి, కొత్త రోల్ వేసి తిరిగి పంపేవాళ్లు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమెరా అయితే ఒక్క డాలరే. పిల్లలు కూడా కొనుక్కోవచ్చు.

దీంతో రెండు మార్పులొచ్చాయి. ఒకటి, ఫొటోల్లోకి మామూలు జీవితం వచ్చింది. పెంపుడు కుక్క, నీళ్లలో ఆడుకుంటున్న పిల్లలు, కళ్లు మూసుకుపోయిన మామయ్య. రెండోది, రసాయనాల గొడవ లేదు కాబట్టి సలహాల కోసం క్లబ్బుకి వెళ్లాల్సిన అవసరం పోయింది. మాటలు క్లబ్బుల్లోంచి ఇంట్లోకి వచ్చాయి. ఆల్బమ్ చుట్టూ చేరాయి.

మన ఇళ్లలో ఆ కాలం చాలా ఆలస్యంగా, కానీ బలంగా వచ్చింది. మీ అమ్మానాన్నల్ని అడగండి, ఆగ్ఫా క్లిక్ 3 పేరు చెప్పొచ్చు. రోల్‌కి పన్నెండు ఫొటోలు. తర్వాత 36 ఫొటోల రోళ్లు వచ్చినా, ఒక్కో ఫొటో ఆచితూచి తీయాల్సిందే. కడిగించి తెచ్చాక ఇల్లంతా చాప మీద కూర్చునేది. “ఇదిగో ఇది మన సుబ్బమ్మత్త పెళ్లిలో, ఆ రోజు వాన” అంటూ ఒకరు మొదలుపెడితే, “వాన కాదే, కరెంటు పోయింది” అని ఇంకొకరు అడ్డం తగిలేవాళ్లు. ఆ వాదన ఉందే, అదే ఆ ఫొటోకి ప్రాణం. ఇబ్బంది ఏంటంటే, ఎవరూ రాసిపెట్టలేదు. మాట్లాడినవాళ్లు వెళ్లిపోయారు. మా జీపు ఫొటోకి జరిగింది ఇదే.

ఇంకో రకం మనుషులూ ఉంటారు. తీస్తారు, ఎవరికీ చూపించరు. వివియన్ మేయర్ కథ మీలో కొందరు విని ఉంటారు. చికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయా. మెడలో రోలీఫ్లెక్స్ కెమెరా వేసుకుని వీధుల్లో తిరుగుతూ దశాబ్దాల పాటు లక్షకు పైగా ఫొటోలు తీసింది. దాదాపు ఎవరికీ చూపించలేదు. వందల రోళ్లు అసలు కడిగించనే లేదు. సామాన్లు దాచుకున్న అద్దె గది బాకీ కట్టలేకపోతే, 2007లో ఆ పెట్టెల్ని వేలం వేశారు. జాన్ మలూఫ్ అనే కుర్రాడు తన పేట చరిత్ర మీద పుస్తకం కోసం పాత ఫొటోలు వెతుకుతూ ఒక పెట్టె కొన్నాడు. 2009లో కొన్నిటిని ఫ్లికర్‌లో పెట్టి, వీటిని ఏం చేయమంటారు అని అక్కడి ఫొటో పిచ్చివాళ్లని అడిగాడు. ఆ చర్చతోనే ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది. కానీ ఆమె అదే ఏడాది ఏప్రిల్‌లో చనిపోయింది. ఒక్క పొగడ్త కూడా ఆమె చెవిన పడలేదు.

ఆమె ఫొటోలు చూపించకపోవడం ఆమె ఇష్టం అనుకోవచ్చు. ఆ హక్కు ఆమెకుంది. నా బాధల్లా ఒకటే, ఆ ఫొటోల్లోని మనుషుల గురించి ఆమెను అడిగే అవకాశం ఇక ఎవరికీ లేదు.

ఫ్లికర్ పేరొచ్చింది కాబట్టి అది కూడా చెప్పుకుందాం. 2004 ఫిబ్రవరిలో కెనడాలోని వాంకూవర్‌లో మొదలైంది. అసలు వాళ్లు చేస్తున్నది ఒక ఆన్‌లైన్ గేమ్. అది నిలబడలేదు గానీ దాని నుంచి వచ్చిన ఫొటోల ఆలోచన నిలబడింది. ప్రతి ఫొటో కింద కామెంట్లు, ట్యాగులు, ఇష్టాన్ని బట్టి గ్రూపులు. ఊరికే తలుపుల ఫొటోలు తీసేవాళ్లకీ అక్కడ గ్రూపు దొరికేది.

ఆ మాటల బలం ఎంతో 2008 జనవరిలో తెలిసింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పాత ఫొటోలు మూడు వేలకు పైగా అక్కడ పెట్టింది. చాలావాటికి పేర్లు లేవు, ఉన్నా తప్పులు. జనం పోటీపడి, “ఇది ఫలానా వీధి”, “ఈయన ఫలానా ఆటగాడు” అని వెతికి మరీ చెప్పారు. లైబ్రరీవాళ్లు సరిచూసుకుని తమ రికార్డులు దిద్దుకున్నారు. పోయిందనుకున్న కథ మాటలతో తిరిగొచ్చింది.

2010 అక్టోబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. ఫోన్‌లో తీసి, ఫోన్‌లోనే పెట్టి, వేలు పైకి తోసుకుంటూ పోవడమే. రెండుసార్లు తడితే గుండె బొమ్మ. సులువైంది, తప్పు లేదు. కోట్లమంది ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. కానీ “ఇది ఎక్కడ తీశావ్?” అని అడిగే ఓపిక తగ్గింది. ఇక పాత ఫ్లికర్‌లో అయినా అన్నీ శాశ్వతమా అంటే అదీ లేదు. 2018లో ఆ సైటు చేతులు మారింది. ఆ ఏడాది నవంబర్‌లో, ఉచిత ఖాతాల్లో వెయ్యి ఫొటోలే ఉంచుతామని ప్రకటించారు. ఎక్కువున్నవాళ్లు డబ్బు కట్టాలి, లేదా దించుకోవాలి. మనకి ఊరికే చోటిచ్చినవాళ్లు ఎప్పుడైనా లెక్క మార్చొచ్చు.

మరి మనం చేయగలిగింది ఏంటి? మూడు చిన్న పనులు.

ఒకటి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశామన్న వివరాలూ రాలిపోతాయి. ముఖ్యమైనవి డాక్యుమెంట్‌గా పంపండి.

రెండు. నెలకి పది ఫొటోలు ఎంచుకుని పేర్లు, ఊరు, తేదీ రాయండి. వీలైతే ప్రింట్ తీయించి వెనక పెన్సిల్‌తో రాయండి.

మూడు. స్నేహితుడు ఫొటో పెడితే ఒక ప్రశ్న అడగండి. “ఆ వెనక ఉన్న కొట్టు ఎవరిది?” చాలు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కొట్టు ఉండదు, మీరు అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు ఉంటుంది.

చివరిగా మా జీపు ఫొటో. ఈ ఎపిసోడ్ రాసుకుంటున్నప్పుడు దాన్ని మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. ముందు దండాల బొమ్మలు, ‘సూపర్’లు వచ్చాయి. రాత్రి తొమ్మిదింటికి మా పెద్దమ్మ నుంచి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్. జీపు వ్యవసాయ శాఖదట. ఎడమవైపు పొట్టాయన డ్రైవరు, మా పెద్దమ్మకి సైకిల్ నేర్పింది ఆయనేనట. రెండో ఆయన తాతయ్యతో కలిసి చదువుకున్నాడట. మూడో ఆయన ఎవరో ఆమెకీ తెలీదు. తెలిసిన రెండు పేర్లూ ఫొటో వెనక పెన్సిల్‌తో రాశాను. మూడో పేరుకి ఒక గీత గీసి చోటు ఉంచాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. ఇవాళే తీసి పెద్దవాళ్లకి చూపించండి. వాళ్లు ఏం చెప్పారో కింద కామెంట్లలో రాయండి, నేను అన్నీ చదువుతాను. మళ్లీ కలుద్దాం. సెలవు.