రెండు రాజ్యాల నడుమ చెరువు తవ్వరాదు

రోహిణి కార్తె ఎండలు ముదరగానే పత్రికలకు చెరువులు గుర్తొస్తాయి. పూడిక, ఆక్రమణ, గండి అనే మూడు మాటలతో వారం రోజుల వార్తలు నడిచిపోతాయి. మృగశిర చినుకు పడిందంటే చెరువు సంగతి మళ్లీ వచ్చే ఏడాదికే. ఈ వ్యాసం కూడా ఆ ఆనవాయితీలో పుట్టినదే. కాకపోతే ఫలానా చెరువును తవ్వించిందెవరని అడిగితే జవాబు తేలిక. రాళ్ల మీద చెక్కి ఉంటుంది. తవ్విన చెరువును వందల ఏళ్లు నిలబెట్టిందెవరని అడిగితేనే శాసనాలు పెద్దగా నోరు మెదపవు.

తవ్వించిన వాళ్లందరూ రాజులే అనుకోనక్కర్లేదు. ఆదోని ప్రాంతంలోని మ్యాకదోని శాసనం శాతవాహనుల చివరి కాలానిది. పులుమావి అనే రాజు ఏలుబడిలో ఎనిమిదో ఏట వేపురక అనే ఊళ్లో తటాకం తవ్వించినవాడు సాంబుడనే గృహస్థు. రాజు పేరు తారీఖు కోసం వచ్చింది, అంతే. ఈ నేల మీద చెరువు గురించి మిగిలిన పాత మాటల్లో అదొకటి.

అక్కడి నుంచి కాకతీయుల దాకా దాదాపు వెయ్యేళ్లను ఒక్క అంగలో దాటేయక తప్పదు. కాకతీయులు వచ్చేసరికి చెరువు తవ్వించడం పుణ్యకార్యాల్లో ముందు వరసలో ఉంది. కొడుకు, గుడి, వనం, కావ్యం వగైరాలతో పాటు సప్తసంతానాల్లో తటాకం ఒకటి. ఎవరికి వారు పోటీపడి తవ్వించారు. 1213 నాటి రామప్ప గుడి పక్కన రేచర్ల రుద్రుడి చెరువు, పాకాల అడవిలో పాకాల చెరువు, బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలమ తవ్వించిన చెరువు. కాకతీయుల వంశావళి చరిత్రకారులకు చక్కగా దొరికింది కూడా ఈ బయ్యారం చెరువు శాసనంలోనే. దశబంధమనే మాట కూడా ఆనాటి శాసనాల్లో కనిపిస్తుంది. చెరువు కట్టినవారికి, దాని మరమ్మతు చూసేవారికి ఆ చెరువు కిందే కొంత భూమినో, పంటలో కొంత భాగాన్నో ఇచ్చే ఏర్పాటు అది. చెరువు నిండితేనే ఆ ఇనాం పండుతుంది కాబట్టి మరమ్మతు చేయించమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఇక పోరుమామిళ్ల. ఇక్కడ మాత్రం తీరిగ్గా కూర్చోవాలి.

కడప జిల్లాలో, పాత బద్వేలు తాలూకాలో ఉన్న ఈ ఊరి భైరవాలయం ముందర రెండు రాతిపలకల మీద సంస్కృత శాసనం ఒకటుంది. శక సంవత్సరం 1291, అంటే క్రీస్తు శకం 1369. విజయనగర పాలకుడు మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి నుంచి తూర్పు సీమను ఏలుతున్న భాస్కర భవదూరుడు వేయించాడు. దీన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించిన పండితుడు వి.ఎస్. సుక్తాంకర్. పుణెలో మహాభారతం ప్రామాణిక ప్రతి పనిని నడిపించిన పెద్దమనిషి ఆయనే. భారతం పాఠాలు పరిష్కరించిన చేతులు ఒక చెరువు శాసనాన్నీ అంత శ్రద్ధగా పరిష్కరించాయన్నమాట.

శాసనం మామూలుగానే మొదలవుతుంది. దేవతలకు నమస్కారాలు, వంశకీర్తన, హేమాద్రి గ్రంథం విన్న యువరాజుకు జలదానం మీద భక్తి కలగడం. ఆ తర్వాతే అసలు రుచి. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. ధర్మమూ ధనమూ కీర్తికాంక్షా ఉన్న రాజు కావాలి. నీటిశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు కావాలి. గట్టి బంకమన్ను నేల, మూడు యోజనాల నుంచి పారుతూ వచ్చే తియ్యటి నీటి ఏరు, దాన్ని ఆనుకుని కొండ. ఆ కొండ సందులో రాతితో బిగించిన కట్ట మరీ పొడవు కాకుండా దృఢంగా ఉండాలి. చెరువు గర్భం లోతుగా, వెడల్పుగా ఉండాలి. పొడవాటి సాపురాళ్లు దొరికే రాళ్లగని దగ్గర్లో ఉండాలి. కింద సమతలమైన సారవంతమైన పొలాలుండాలి. చిట్టచివర, పన్నెండో అంగంగా, పని తెలిసిన కూలీల దండు.

రాజు ముందు, కూలీ చివర. వరస ఎవరు రాశారో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. అయినా కూలీకి చోటిచ్చారు, అదే గొప్ప. అంతటితో ఆగలేదు. రోజుకు వెయ్యిమంది పనిచేశారనీ, తూములకూ కట్టకూ రాయి తోలడానికి వంద బండ్లు నడిచాయనీ, పని రెండేళ్లకు పూర్తయిందనీ, ఖర్చయిన సొమ్ముకూ ధాన్యానికీ లెక్కే లేదనీ చెక్కించారు. కట్ట కొలతలూ ఇచ్చారు: పొడవు ఐదువేల రేఖాదండాలు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు. ఇప్పటి కాంట్రాక్టు పనుల దగ్గర పెట్టే శిలాఫలకాల మీద మంత్రిగారి పేరుంటుంది, మట్టి ఎత్తినవాళ్ల లెక్క ఉండదు.

అంగాల తర్వాత దోషాలు. అవి ఆరు. కట్ట నుంచి నీరు ఊరడం మొదటిది, చౌడు నేల రెండోది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం మూడోది. చెరువు మధ్యలో మిట్ట ఉండటం ఇంకొకటి. మిగిలిన రెండూ జంట దోషాలు: నీరు కొంచెం ఉండి సాగునేల విపరీతంగా ఉండటం, నీరు విపరీతంగా ఉండి సాగునేల కొంచెం ఉండటం.

మూడో దోషం దగ్గర తెలుగు పాఠకుడికి నవ్వు రాక మానదు. శాసనం వేసిన సరిగ్గా ఆరువందల ఏళ్లకు, 1969లో, కృష్ణా జలాల వివాదం తేల్చడానికి కేంద్రం బచావత్ ట్రిబ్యునల్‌ను వేసింది. 2004లో మరో ట్రిబ్యునల్ వచ్చింది. 2023 నవంబరు ఆఖర్లో, తెలంగాణ పోలింగ్ రోజు తెల్లారేసరికి నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి గేట్లు సగం సగం పంచుకునే దాకా వెళ్లింది వ్యవహారం. పోరుమామిళ్ల పండితుడికి ట్రిబ్యునళ్లు తెలియవు గానీ మనుషులు తెలుసు.

ఇంత చెప్పిన శాసనం ఒక్క సంగతి చెప్పలేదు. చెరువు నిండాక తూము ఎవరు ఎత్తాలి, అర్ధరాత్రి ఎవరు దించాలి, ఎవరి మడికి ముందు, ఎవరి మడికి వెనుక? భవదూరుడికి అది పట్టలేదు. పట్టాల్సిన పని కూడా లేదు, అది ఊరి పని.

ఊరు తన సంగతులను రాతి మీద రాసుకోదు, కథగా చెప్పుకుంటుంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుదీ అలాంటి కథే. కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే నిలుస్తుందని దైవవాణి పలికిందట. ఆ ఇల్లాలు అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచి వెళ్లిందట. కట్టమంచి రామలింగారెడ్డి కాలేజీ రోజుల్లో, 1899లో, పోటీకి రాసిన ‘ముసలమ్మ మరణం’ ఈ కథే. రాజుల కథల్లో యువరాజు పుణ్యం సంపాదిస్తాడు, ఊరి కథల్లో కోడలు ప్రాణమిస్తుంది. చెరువు బరువు ఎవరి మీద పడేదో చెప్పడానికి ఈ తేడా చాలు.

రోజువారీ బరువు మాత్రం నీరుగంటిది. తెలంగాణలో నీరటి. తూము ఎత్తడం, కాలువ గండ్లు పూడ్చడం, వానాకాలం రాత్రి కట్ట మీద కాపలా, మత్తడి (అలుగు) దుంకితే ఊరిని లేపడం అన్నీ అతని పనులే. చాలాచోట్ల ఈ కొలువు దళిత కుటుంబాలది. జీతం కొద్దిపాటి ఇనాం, పంట నూర్చినప్పుడు కళ్లంలో రైతులిచ్చే మేర. ఆయకట్టులో తనకు పెద్ద పొలం లేనివాడైతే నీళ్లు పంచడంలో పక్షపాతం ఉండదని ఊరి లెక్క. గిట్టుబాటైన లెక్కే, కాకపోతే గిట్టుబాటంతా పొలమున్నవాళ్లకు. పాత ఊరి కట్టుబాట్లను తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఈ మాట కూడా కలుపుకుని మురవాలి.

ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ వచ్చింది. 1800లో రాయలసీమ దత్తమండలాలయింది, థామస్ మన్రో కలెక్టరయ్యాడు, రైతు పేరున పన్ను కట్టే పద్ధతి పాతుకుపోయింది. శిస్తు సర్కారుకు పోతుంటే చెరువు మరమ్మతు సర్కారే చేయాలి కదా అని ఊరు, ఆనవాయితీ ప్రకారం మీరే చేసుకోవాలి కదా అని సర్కారు. ఈ తగువు తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఒక చట్టం తెచ్చింది. ఊరి ఆనవాయితీ పనికి హాజరు కానివాడి నుంచి ఆ పని విలువకు రెట్టింపు వసూలు చేయవచ్చని అందులో రాశారు. తరతరాలుగా చట్టం లేకుండా జరిగిన పని, చట్టం వచ్చాక సరిగా జరగలేదు. 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట లేచింది, ఇంజనీర్ల మనసు పెద్ద నదుల మీదికి మళ్లింది. 1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం దశాబ్దాలపాటు నత్తనడక నడిచింది.

స్వాతంత్ర్యం తర్వాత కథ దారీ తెన్నూ లేకుండా పోతుంది. వంద ఎకరాల ఆయకట్టు దాటిన చెరువు నీటిపారుదల శాఖదైంది, తక్కువైతే పంచాయతీరాజ్‌దైంది. చెరువులో చేపలు మత్స్యశాఖ లెక్కలోవి, శికం భూమి, అంటే చెరువు గర్భంలోని నేల, రెవెన్యూది. 1984లో కరణాలు, మునసబులు పోయారు. పోవాల్సిన పెత్తనమే, సందేహం లేదు. అయితే ఏ మడికి ఎన్ని తూముల నీరన్న లెక్క కూడా చాలా ఊళ్లలో వాళ్లతోనే పోయింది. బోరు వేసుకున్న రైతుకు చెరువుతో పనే తప్పింది.

పోనీ ఊళ్లకు కలిసి పనిచేయడం చేతకాకుండా పోయిందా అంటే, అదీ కాదు. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువల కింది ఊళ్లు తిరిగి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం వేశాడు. కాలువ చివర ఉండి నీళ్లకు కటకటలాడే ఊళ్లు తమంతట తాము నీరుగంట్లను, పొలం కాపలావాళ్లను పెట్టుకున్నాయని అందులో రాశాడు. కోత అయిన చేలల్లో మేపుకునే హక్కును గొర్రెల కాపరులకు వేలం వేసి ఊరి నిధి కూడబెట్టుకున్నాయి. ఆ నిధితో కాపలా జీతాలిచ్చాయి, ఊరి పనులు చేయించాయి, కాలువ అధికారులకు లంచాలూ ఇచ్చాయి. లంచం కూడా ఉమ్మడి ఖర్చే! కాలువ మొదట్లో నీళ్లకు కొరత లేని ఊళ్లలో ఈ ఏర్పాట్లు తక్కువ. ఉమ్మడి వనరుల మీద పనిచేసి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ తన వాదనలకు వాడుకున్న పరిశోధనల్లో వేడ్ పని ఒకటి.

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలియనిది కాదు. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల చేతికి సాగునీటి యాజమాన్యం అప్పగిస్తూ చట్టం చేసింది. ఆ ఏడాదే పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశమంతా వచ్చి చూసింది. తర్వాత ఎన్నికలు వాయిదా పడటం, సంఘాలు కాంట్రాక్టు పనుల చుట్టూ తిరగడం, మళ్లీ 2024 డిసెంబరులో ఎన్నికలు. తెలంగాణ 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువుల్లో పూడిక తీస్తామంది. ఆ ఒండ్రును రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు, పథకంలో అన్నిటికన్నా బాగా నడిచిన భాగం అదే. 2023లో నీరటి, మస్కూరి వంటి ఊరి కొలువుల వారసులైన గ్రామ రెవెన్యూ సహాయకులను (వీఆర్ఏలను) అక్కడ వేర్వేరు శాఖల్లో సర్దారు. హైదరాబాద్‌లో మాత్రం చెరువు వార్తంటే ఇప్పుడు ఆక్రమణలను కూల్చే బుల్డోజర్ వార్తే.

పోరుమామిళ్ల చెరువు ఇంకా ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ కంభం చెరువుతో పాటు దాన్నీ వారసత్వ కట్టడంగా గుర్తించింది. శాసనాన్ని సుక్తాంకర్ చదివి పెట్టాడు కాబట్టి దానికి దిగుల్లేదు. నీటి వంతుల లెక్కలు మాత్రం ఏ రాతి మీదా లేవు. తూము ఎత్తి దించిన వయసు మళ్లిన నీరుగంట్లు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. మీ ఊళ్లో అలాంటివారుంటే, ఈ వానలు మొదలయ్యేలోపు వెళ్లి కూర్చుని, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదిలేవారో అడిగి రాసిపెట్టండి.