వారానికి రెండు డయాలసిస్‌లు చాలా? మూడు తప్పదా? ఎలా తేలుస్తారు?

డయాలసిస్‌ మొదలైందంటే కిడ్నీలు పూర్తిగా ఆగిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అది అందరి విషయంలో నిజం కాదు. మొదటి కొన్ని నెలలు, కొందరిలో ఏళ్ల తరబడి, కిడ్నీలు ఎంతో కొంత పని చేస్తూనే ఉంటాయి. ఆ మిగిలిన పనిని కొలిచి, దానికి తగ్గట్టు డయాలసిస్‌ నిర్ణయించడాన్నే ‘ఇంక్రిమెంటల్‌ డయాలసిస్‌’ అంటారు.

మిగిలిన పనికి అంత విలువ ఎందుకు?

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు చేయించుకుంటే మెషిన్‌ పనిచేసేది 12 గంటలే. వారంలో ఉన్నవి 168 గంటలు. మీ కిడ్నీ కొద్దిగా పనిచేసినా రాత్రింబవళ్లు పనిచేస్తుంది. నీటిని, పొటాషియంను బయటకు పంపుతుంది. మెషిన్‌ సరిగా తీయలేని కొన్ని వ్యర్థాలనూ తొలగిస్తుంది. కెనడా, అమెరికాల్లో పెరిటోనియల్‌ డయాలసిస్‌ రోగులపై జరిగిన ‘కానూసా’ అధ్యయనాన్ని 2001లో మళ్లీ విశ్లేషించారు. రోజుకు అదనంగా వచ్చిన ప్రతి 250 మి.లీ. మూత్రానికి మరణ ముప్పు 36 శాతం తక్కువగా కనిపించింది.

ఎలా కొలుస్తారు?

డయాలసిస్‌ లేని రోజు 24 గంటల మూత్రాన్ని, లేదా ఒక డయాలసిస్‌ నుంచి మరోదాని వరకు వచ్చిన మూత్రమంతా క్యాన్‌లో పట్టాలి. దానితో పాటు రక్తపరీక్ష చేసి యూరియా క్లియరెన్స్‌ లెక్కిస్తారు. మూత్రం బాగా వస్తోందన్న మాట ఒక్కటే చాలదు. నీళ్లు వస్తున్నా వ్యర్థాలు పోకపోవచ్చు.

ఎవరికి రెండుసార్లు సరిపోవచ్చు?

సాధారణంగా రోజుకు అర లీటరుకు పైగా మూత్రం, నిమిషానికి 2-3 మి.లీ.కు మించి యూరియా క్లియరెన్స్‌ ఉన్నవారి విషయంలో నెఫ్రాలజిస్టులు ఆలోచిస్తారు. బీపీ, పొటాషియం అదుపులో ఉండాలి. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎక్కువగా పెరగకూడదు.

డబ్బు లేక తగ్గించుకుంటే?

మన దగ్గర ఖర్చు భరించలేకో, సెంటర్‌ దూరమనో రెండుసార్లతో సరిపెట్టుకునేవారు ఎందరో. కొలవకుండా తగ్గించుకుంటే అది అరకొర చికిత్సే. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మూడు అవసరమని డాక్టర్‌ చెబితే మానేయకండి. ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద డయాలసిస్‌ ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్‌ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితం.

ఉన్న పనిని కాపాడుకోవడం ఎలా?

• డైక్లోఫెనాక్‌, ఐబుప్రోఫెన్‌ వంటి నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడకండి.
• సీటీ స్కాన్‌కు ముందు ‘నాకు ఇంకా మూత్రం వస్తోంది’ అని చెప్పండి. కాంట్రాస్ట్‌ ఇంజెక్షన్‌ వల్ల కిడ్నీకి హాని కలగవచ్చు.
• డయాలసిస్‌లో బీపీ పడిపోతుంటే డాక్టర్‌కు చెప్పండి. అది కూడా మిగిలిన పనిని దెబ్బతీస్తుంది.

ఎప్పుడు మళ్లీ పెంచాలి?

ఈ వెసులుబాటు శాశ్వతం కాదు. కనీసం మూడు నెలలకోసారి పరీక్ష చేయించాలి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా తర్వాతి డయాలసిస్‌ దాకా ఆగకండి. వెంటనే సెంటర్‌కు ఫోన్‌ చేయండి. మూడోది మళ్లీ మొదలుపెట్టడం ఓటమి కాదు, ఈ పద్ధతిలో అదీ భాగమే.