పూర్వపక్షం వితండమైన దారి

మన తర్కశాస్త్రంలో ఒక మంచి పద్ధతి ఉంది. సిద్ధాంతం చెప్పదలచినవాడు ముందుగా పూర్వపక్షం చెప్పాలి. ఎదుటివాడి ఆక్షేపణను అతనికంటే గట్టిగా తానే వినిపించి, ఆ తర్వాతే జవాబులోకి దిగాలి. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. భూమి వేడెక్కడానికి మనిషే కారణమా అని శాస్త్రవేత్తలకూ సంశయవాదులకూ మధ్య నూట పాతికేళ్లుగా నడుస్తున్న వివాదాన్ని చదివినప్పుడల్లా నాకు ఈ మూడు మాటలే గుర్తొస్తాయి. సంశయమంటే మొదట్లో చాలా గౌరవనీయమైన పని.

స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్ 1896లో ఒక లెక్క కట్టాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు, అంటే ఇప్పటి పిల్లలు చదువుకునే కార్బన్ డయాక్సైడ్, రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందన్నాడు. నాలుగేళ్లు తిరక్కుండానే అదే దేశంలోని ఉప్సాలా నుంచి క్నుట్ ఆంగ్‌స్ట్రామ్ పూర్వపక్షం లేవదీశాడు. ఆయన ప్రయోగశాలలో ఆ వాయువు నింపిన గొట్టం గుండా పరారుణ కిరణాలను పంపి చూశారు. వాయువును మూడోవంతు తగ్గించినా గొట్టం పీల్చుకునే వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పీల్చగలిగినదంతా ఉన్న వాయువే పీల్చేస్తుంటే ఇంకెంత కలిపి ఏం లాభం? పైగా నీటి ఆవిరి కూడా చాలావరకు అవే కిరణాలను మింగుతుంది కదా!

ఇది గట్టి ఆక్షేపణ. దీని దెబ్బకు అర్హీనియస్ లెక్క సుమారు అర్ధ శతాబ్దం మూలన పడింది. జవాబు దొరకాలంటే వాతావరణాన్ని ఒక్క గొట్టంలా చూడటం మానుకోవాలి. అది పొరలు పొరలుగా ఉంటుంది. నేల నుంచి లేచిన వేడి పొర నుంచి పొరకు చేతులు మారుతూ, చివరికి గాలి బాగా పలచబడ్డ చోటు నుంచి అంతరిక్షంలోకి పోతుంది. అంత ఎత్తున నీటి ఆవిరి బహు తక్కువ. వాయువు పెరిగేకొద్దీ వేడి తప్పించుకునే ఆ చోటు ఇంకా పైకి జరుగుతుంది. పైన చలి ఎక్కువ, చల్లని పొర బయటికి పంపే వేడి తక్కువ. వచ్చే ఎండ మాత్రం అంతే. మిగిలిన వేడి కిందనే ఉండిపోతుంది. 1956లో గిల్బర్ట్ ప్లాస్ కంప్యూటర్ సాయంతో పొరపొరకూ లెక్కవేసి, వాయువు రెట్టింపైతే 3.6 డిగ్రీలు పెరుగుతుందని తేల్చాడు. ఆంగ్‌స్ట్రామ్ అడిగి ఉండకపోతే పై పొరల సంగతి అంత పట్టుదలగా ఎవరు ఆలోచించేవారు?

ఈ మధ్యలో గై కాలెండర్ కథ ఒకటుంది. ఆయన ఆవిరి యంత్రాల ఇంజనీరు. తీరిక వేళల్లో ప్రపంచమంతటా ఉన్న 147 కేంద్రాల ఉష్ణోగ్రత రికార్డులు పోగుచేసి, భూమి అప్పటికే వేడెక్కుతోందని 1938లో లండన్‌లో రాయల్ మీటియరలాజికల్ సొసైటీ ముందు చెప్పాడు. విన్నవారిలో జార్జ్ సింప్సన్ ఉన్నాడు. బ్రిటన్ వాతావరణ శాఖకు అధిపతి, అంతకుముందు సిమ్లాలో మన భారత వాతావరణ శాఖలో పనిచేసినవాడు. వాయువూ వేడీ ఒకేసారి పెరగడం కాకతాళీయమే కావచ్చునన్నాడు ఆయన. కాలెండర్ కోపగించుకోలేదు. మళ్లీ లెక్కలకు కూర్చున్నాడు, బతికినన్నాళ్లూ వాటిని మెరుగుపరుస్తూనే వచ్చాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టేసరికి బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో సుమారు 315. ఇప్పుడది 420 దాటింది. 1979లో జూల్ చార్నీ నాయకత్వాన అమెరికా నేషనల్ అకాడమీ బృందం వాయువు రెట్టింపైతే పెరుగుదల 1.5 నుంచి 4.5 డిగ్రీల మధ్య ఉంటుందని చెప్పింది. అప్పటిదాకా నడిచింది వాదమే.

1988 జూన్ 23న నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని, భూమి వేడెక్కుతోందన్నది 99 శాతం ఖాయమని చెప్పాడు. వాతావరణ మార్పుల శాస్త్రాన్ని మదింపు చేసే ఐపీసీసీ అనే సంఘం ఐక్యరాజ్యసమితి ఛత్రం కింద పుట్టిందీ ఆ ఏడాదే. మరుసటి ఏడాదికల్లా చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు కలిసి గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ అనే కూటమి పెట్టుకున్నాయి. సైన్సు ఇంకా తేలలేదని అది ఊరూవాడా చాటింది. కానీ గ్రీన్‌హౌస్ ప్రభావం శాస్త్రీయంగా స్థిరపడినదనీ, దాన్ని కాదనడం కుదరదనీ 1995లో ఆ కూటమికి దాని సొంత నిపుణులే రాసిచ్చారు. ఆ కాగితం 2009లో బయటపడింది. ఎక్సాన్ సంగతి ఇంకా బాధపెడుతుంది. ఆ కంపెనీ శాస్త్రవేత్తలు 1977 నుంచి 2003 దాకా లోలోపల వేసుకున్న అంచనాలను 2023లో పరిశోధకులు సరిచూస్తే, వాటిలో 63 నుంచి 83 శాతం తర్వాత జరిగినదానితో సరిపోయాయి. ఇంట్లో సరైన లెక్క పెట్టుకుని వీధిలో లెక్క తెలియదన్నవారిని సంశయవాదులనడం ఆంగ్‌స్ట్రామ్‌కు అవమానం. వితండమంటే ఇదే: తమ పక్షమేమిటో చెప్పరు, చర్చ తెగనివ్వరు. సిగరెట్ల విషయంలోనూ అమెరికాలో ఇదే పని జరిగింది. 1996లో ఐపీసీసీ అధ్యాయ రచయిత బెన్ శాంటర్ నివేదికను దొంగచాటుగా దిద్దాడని ఒక పెద్ద పత్రికలో దుమారం లేపిన ఫ్రెడరిక్ సీట్జ్ గొప్ప భౌతిక శాస్త్రవేత్త, నేషనల్ అకాడమీ పూర్వాధ్యక్షుడు. ఒకప్పుడు పొగాకు కంపెనీకి సలహాదారు కూడా. శాంటర్ చేసిన దిద్దుబాట్లు సమీక్షకుల సూచనల మేరకు, నియమాల ప్రకారం చేసినవే.

పత్రికలు కూడా ఇందులో పాలుపంచుకున్నాయి. ఇటొకరిని, అటొకరిని కూర్చోబెట్టి తీర్పు పాఠకుడికి వదిలేయడమే న్యాయమనుకున్నాయి. వెయ్యి మంది కొలిచి చెప్పిన మాటనూ ఒకరి అభిప్రాయాన్నీ ఒకే తక్కెడలో పెట్టడం సమతూకం కాదని బీబీసీ తన విలేఖరులకు స్పష్టంగా చెప్పడానికి 2018 దాకా పట్టింది.

అయినా ఆ కాలంలోనూ వాదం పూర్తిగా చచ్చిపోలేదు. 1990లో అలబామాకు చెందిన రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ శాటిలైట్ల నుంచి గాలి ఉష్ణోగ్రత లెక్కగట్టే పద్ధతి తెచ్చారు. నేల మీద థర్మామీటర్లు వేడి చూపిస్తుంటే, వారి శాటిలైట్ లెక్కలు కొన్నేళ్లు అంత వేడి లేదన్నాయి. ఒక దశలో కాస్త చల్లబడుతున్నట్టు కూడా చూపాయి. సంశయవాదులకు ఇంతకంటే పెద్ద ఆయుధం ఎన్నడూ దొరకలేదు. 1998లో ఫ్రాంక్ వెంట్జ్, మథియాస్ షాబెల్ దీని గుట్టు కొంత విప్పారు. శాటిలైట్లు ఏటేటా కొంచెం కిందికి జారుతున్నాయి, ఆ జారుడు లెక్కలోకి రాలేదు. 2005లో మరో పొరపాటు దొరికింది. శాటిలైట్ ఒక చోటి మీదుగా వెళ్లే వేళ క్రమంగా మారుతుంటే, దానికి చేసిన సవరణలో కూడవలసినచోట తీసివేశారు. స్పెన్సర్, క్రిస్టీ తప్పు ఒప్పుకుని లెక్క సరిచేశారు. ఇప్పుడు వారి పట్టికలోనూ వేడే కనిపిస్తోంది. వారి అభిప్రాయాలు నాకు నచ్చవు. కానీ కొలిచి, కొలతను అందరి ముందూ పెట్టి, తప్పని తేలితే దిద్దుకున్నారు. ఆ గౌరవం వారికి దక్కాలి.

ఇదే గీటురాయిని శాస్త్రవేత్తల మీదా పెట్టాలి. 2009 నవంబరులో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం నుంచి దొంగిలించిన వాతావరణ శాస్త్రవేత్తల ఈమెయిళ్లు బయటికొచ్చాయి. వరుసగా జరిగిన విచారణల్లో అంకెలు తారుమారు చేసినట్టు ఏమీ తేలలేదు, కానీ డేటా అడిగినవారితో ముభావంగా ఉన్నారన్న నింద మాత్రం నిలిచింది. సరిగ్గా అదే నెలలో మన దేశంలోనూ ఒక గొడవ మొదలైంది. అప్పటి పర్యావరణ మంత్రి, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన జైరాం రమేశ్, జియలాజికల్ సర్వే మాజీ అధికారి వి.కె.రైనా రాసిన పత్రాన్ని విడుదల చేశారు. హిమానీనదాలు అసాధారణ వేగంతో కరిగిపోతున్నాయనడానికి ఆధారం లేదని దాని సారాంశం. 2035 నాటికే హిమాలయాల మంచు మాయం కావచ్చని 2007 నివేదికలో రాసిన ఐపీసీసీకి అప్పుడు అధ్యక్షుడు మనవాడే, రాజేంద్ర పచౌరి. ఆయన రైనా పత్రాన్ని మంత్రతంత్రాల సైన్సని కొట్టిపారేశారు. రెండు నెలలు గడిచేసరికి 2035 అన్న మాటకు సమీక్షకు నిలిచిన పరిశోధనేదీ లేదని తేలింది. 2010 జనవరిలో ఐపీసీసీ విచారం వ్యక్తం చేసింది. పూర్వపక్షాన్ని ఎగతాళి చేసినందుకు చెల్లించుకున్న మూల్యం అది. అలాగని రైనా చెప్పినదీ నిలవలేదు. మంచు కరుగుతూనే ఉంది. వేడి పెరుగుదల 1.5 డిగ్రీల దగ్గర ఆగినా, హిందూకుష్-హిమాలయాల మంచులో మూడోవంతు ఈ శతాబ్దాంతానికి పోతుందని 2019లో ఆ ప్రాంత దేశాల శాస్త్రవేత్తలు కలిసి చేసిన మదింపు చెప్పింది.

ఈమెయిళ్ల గొడవతో విసిగిన బర్క్‌లీ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ నేల మీది ఉష్ణోగ్రతలన్నీ మొదటి నుంచి మళ్లీ లెక్కకట్టడానికి పూనుకున్నాడు. ఖర్చులో కొంత చమురు వ్యాపారి చార్ల్స్ కోక్ ఫౌండేషన్ భరించింది. 250 ఏళ్లలో నేల 1.5 డిగ్రీలు వేడెక్కిందనీ, దాదాపు అంతా మనిషి చలవేననీ ముల్లర్ 2012లో ప్రకటించాడు. తాను మనసు మార్చుకున్న సంశయవాదినని బాహాటంగా చెప్పుకున్నాడు.

2025 జులైలో అమెరికా ఇంధన శాఖ కోరిక మీద ఐదుగురు సంశయవాదులు ఒక నివేదిక రాశారు. స్పెన్సర్, క్రిస్టీ ఆ ఐదుగురిలో ఉన్నారు. భూమి వేడెక్కడం లేదని అందులో ఎక్కడా లేదు. నష్టం అనుకున్నంత ఉండకపోవచ్చన్నదే ఇప్పటి ఆక్షేపణ. 85 మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసి 400 పేజీలు దాటిన జవాబు రాసిచ్చారు.