ఒక క్రియాపదం – ఒక గణతంత్రపు బాకీ

ఇంగ్లీషు భాషలో 'షల్' అనేది చాలా చిన్న క్రియాపదం. నిత్య సంభాషణలో దాని వాడుక బాగా తగ్గిపోయింది. కాని మన రాజ్యాంగపు ఇంగ్లీషు పాఠంలో అది అడుగడుగునా ఎదురవుతుంది. భవిష్యత్తు, వాగ్దానం, ఆజ్ఞ, కర్తవ్యం – ఈ నాలుగర్థాలనూ ఆ ఒక్క మాటే మోస్తున్నది. ఏ అర్థం ఎక్కడ వర్తిస్తుందన్నది కేవలం వ్యాకరణ చర్చ కాదు. గణతంత్ర భారత చరిత్రలో కొన్ని ముఖ్య ఘట్టాలు ఆ ప్రశ్న చుట్టూనే నడిచాయి.

ప్రాచీన ఆంగ్లంలో ఈ పదానికి 'బాకీపడి ఉండు' అనే అర్థం ఉండేది. అప్పునూ అపరాధాన్నీ కూడా తెలిపే జర్మన్ పదం 'షుల్ట్' దీనికి జ్ఞాతి. బాకీ నుంచి బాధ్యత, బాధ్యత నుంచి భవిష్యత్తు అనే అర్థాలు క్రమంగా ఏర్పడ్డాయి. ఇవ్వవలసినవాడు రేపైనా ఇస్తాడన్న ఊహే ఇందుకు ఆధారం. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రచించిన ఇంగ్లీషు వ్యాకరణం ఒక నియమం చెప్పింది. ఉత్తమ పురుషలో 'షల్' జరగబోయేదానిని సూచిస్తుంది. మధ్యమ, ప్రథమ పురుషలలో వాగ్దానాన్ని గాని, బెదిరింపును గాని తెలుపుతుంది. చట్టం సాధారణంగా మాట్లాడేది ప్రథమ పురుషలోనే కనుక అక్కడ ఈ పదానికి ఆజ్ఞార్థం స్థిరపడింది.

అయితే ఆజ్ఞలన్నీ ఒక్క బరువువి కావు. ఆదేశిక సూత్రాల స్వభావాన్ని తెలిపే 37వ అధికరణాన్నే చూడవచ్చు. ఒకే వాక్యంలో 'షల్' రెండు మార్లు వస్తుంది. మొదటిది ఆ సూత్రాల అమలుకోసం న్యాయస్థానానికి వెళ్లే దారిని మూసివేస్తుంది. రెండవది శాసనాలు చేసేటప్పుడు వాటిని అనుసరించే కర్తవ్యాన్ని రాజ్యంపై మోపుతుంది.

ప్రభుత్వోద్యోగులకు సన్నిహితమైన ఉదాహరణ 320వ అధికరణం. ఉద్యోగిపై క్రమశిక్షణ చర్యల విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని చెప్పేటప్పుడు అది 'షల్' అనే పదాన్నే వాడింది. అయినా 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, సంప్రదింపు జరగనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని తీర్పు చెప్పింది. మాట ఆజ్ఞలాగే ఉన్నా, దాన్ని మీరితే ఏమవుతుందో రాజ్యాంగం చెప్పలేదన్నది న్యాయస్థానం చూపిన కారణాలలో ఒకటి.

రాష్ట్రపతి పదవి విషయంలో చిక్కు మరో విధంగా వచ్చింది. మొదటి పాఠంలోని 74వ అధికరణం మంత్రిమండలి ఉండాలన్నది గాని, దాని సలహాను రాష్ట్రపతి పాటించి తీరాలని అక్షరాలా చెప్పలేదు. 1960లో బాబూ రాజేంద్రప్రసాద్ ఈ ప్రశ్నను బహిరంగంగానే లేవనెత్తారు. 1976 నాటి 42వ సవరణ ఆ లోటును మరొక 'షల్'తో పూరించింది. 1978 నాటి 44వ సవరణ, సలహాను ఒకమారు పునఃపరిశీలనకు పంపే అవకాశాన్ని చేర్చింది.

వీటన్నిటికంటె దీర్ఘమైన కథ 45వ అధికరణానిది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన పదేళ్లలోగా, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య కల్పించడానికి రాజ్యం 'ప్రయత్నించవలెను' అని అది పలికింది. ఆ గడువు 1960 జనవరిలో ముగిసింది. బాకీ తీరలేదు. 1993లో, ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు గడువు ఏనాడో దాటిపోయిన సంగతిని ఎత్తిచూపి, పద్నాలుగేళ్ల లోపు పిల్లల విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2002 నాటి 86వ సవరణ 21-ఏ అధికరణాన్ని చేర్చింది; అది 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అక్కడ 'షల్' తరువాత 'ప్రయత్నించు' అన్న మాట లేదు, 'కల్పించు' అన్న మాట ఉంది. ఒక్క క్రియ తొలగడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

కాని ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు వారికే. అదే సవరణ 45వ అధికరణాన్ని తిరగరాసి, ఆరేళ్ల లోపు పసివారి సంరక్షణను, విద్యను మళ్లీ 'ప్రయత్నించవలెను' అన్న మాటకే అప్పగించింది.

ఈ పదాన్ని భారతీయ భాషలు తలొక విధంగా స్వీకరించాయి. హిందీ పాఠం సాధారణంగా 'కరేగా', 'హోగా' అనే భవిష్యద్రూపాలను వాడుతుంది. తెలుగు శాసన భాష 'వలెను' అంటుంది. 'నాకు వలయును' అన్నప్పుడు అవసరాన్ని, 'నేను చేయవలయును' అన్నప్పుడు విధిని తెలిపేది ఒకే ధాతువు. ఇంగ్లీషు పదం తన మూలంలో బాకీపడ్డవాని వైపు నుంచి మాట్లాడితే, తెలుగు పదం కావలసినవాని వైపు నుంచి మాట్లాడుతున్నది. ఉత్తర్వు ముసాయిదాలో 'వలెను' అని రాసే ప్రతిమారు, అది ఎవరికి వలెనో కూడా తలచుకోవడం అధికారికి మంచిది.