స్వపరీక్ష పరిధి: వెస్లియన్ నియమాలు – నక్కవాగు

క్రైస్తవ జీవనంలో స్వపరీక్షను కేవలం అంతరంగానికి చెందిన భక్తిక్రియగా పరిగణించడం పరిపాటి. మెదక్ ప్రాంతానికి సంక్రమించిన వెస్లియన్ సంప్రదాయ చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. 1742లో బ్రిస్టల్ మందిర ఋణం తీర్చడానికి సభ్యులను సుమారు పన్నెండుగురేసి బృందాలుగా విభజించి, వారానికొక పెన్నీ వసూలు చేసే ఏర్పాటు జరిగింది. ఇల్లిల్లూ తిరిగినవారికి సభ్యుల నడవడి తెలియవచ్చింది. చందా వసూలుదారే ఆత్మస్థితిని విచారించే నాయకుడయ్యాడు. వారపు విచారణకు అప్పు మూలం కావడం విడ్డూరమే. 1743లో జాన్ వెస్లీ ప్రకటించిన సాధారణ నియమాలలో మొదటిది కీడు చేయకుండుట. ఆ కీడుల పట్టికలో మద్యపానంతోపాటు సుంకం ఎగవేసిన సరుకుల క్రయవిక్రయాలు, అన్యాయపు వడ్డీ కూడా ఉన్నాయి. బజారు సైతం పరీక్షకు లోబడినదే.

చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో సాగిన వెస్లియన్ మిషన్ కృషికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ కెథెడ్రల్ సాక్ష్యం. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి.

నాటి మెదక్ జిల్లాలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల నుంచి విస్తరించింది. వ్యర్థజలాలు నక్కవాగును కలుషితం చేయగా, 1990లో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి విశ్వాసి కోపాన్ని, అసూయను, ప్రార్థనలోపాన్ని తరచి చూసుకొని, తన ఉపాధి వాగుకు చేసిన కీడును విడిచిపెడితే, మొదటి నియమం దృష్ట్యా ఆ పరీక్ష అసంపూర్ణం. అయితే దినకూలికీ యజమానికీ బాధ్యత సమానం కాదు. వెస్లీ పట్టిక ఈ తారతమ్యాన్ని విడదీసి చెప్పలేదు.