అమెరికాలో మెడికల్ లేబొరేటరీ సైంటిస్టు శిక్షణ: చరిత్ర

రక్తం, మూత్రం, కఫం వంటి నమూనాలను ఆసుపత్రి ల్యాబులో పరీక్షించి ఫలితం చెప్పే నిపుణులను అమెరికాలో మెడికల్ లేబొరేటరీ సైంటిస్టులు అంటారు. డిగ్రీ చదువులోనో, డిగ్రీ పూర్తయ్యాకనో ఆసుపత్రి ల్యాబులో పని నేర్చుకుని, ఆపైన ధ్రువీకరణ పరీక్ష పాసవడం ఈ వృత్తికి రాచబాట. డాక్టరు మందు రాసేది చాలాసార్లు వీళ్లిచ్చిన అంకెను నమ్మే. అయినా ఈ చదువుకు ఒక రూపం, ఒక పేరు కుదరడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

20వ శతాబ్దం తొలినాళ్లలో ల్యాబు పని ఎక్కువగా డాక్టర్లే చూసుకునేవారు. 1901లో లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త రక్తపు గ్రూపులను గుర్తించాడు. 1906లో సిఫిలిస్‌కు వాసర్‌మన్ పరీక్ష వచ్చింది. 1922లో ఇన్సులిన్ వైద్యం మొదలయ్యాక రక్తంలో చక్కెరను మాటిమాటికీ చూడాల్సి వచ్చింది. ఆసుపత్రులకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పెట్టిన కనీస ప్రమాణాల్లో ల్యాబు కూడా చేరింది. పరీక్షలు పెరిగేకొద్దీ పనిచేసే చేతులు చాలక, ల్యాబు పరీక్షలు చూసే డాక్టర్లైన పాథాలజిస్టులు తమ దగ్గర చేరినవారికి, ముఖ్యంగా యువతులకు, పని నేర్పసాగారు. ఎంతకాలం నేర్పాలి, ఏం నేర్పాలి అన్నది ఎవరిష్టం వారిది.

ఆనాటి పని ఎంత ఓపిక కోరేదో చెప్పడానికి మన యల్లాప్రగడ సుబ్బారావు కనిపెట్టిన పద్ధతే చాలు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వరం కొలత ప్రపంచమంతటా ల్యాబుల్లో పాఠమైంది. సీరంలోని ప్రొటీన్లను ఆమ్లంతో పాలు విరిగినట్టు విరగ్గొట్టి వడకట్టాలి. తేటకు మాలిబ్డేటు, ఆపైన మరో రసాయనం కలిపితే నీలం రంగు తేలుతుంది. తెలిసిన మోతాదుతో తయారు చేసుకున్న నీలాన్ని పక్కన పెట్టుకుని, కలరీమీటరు కంటిగొట్టంలో రెండు సగాలూ ఒకే రంగులో కలిసిపోయేదాకా మర తిప్పాలి. కన్ను అలిసిపోతే అంకె తప్పుతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు.

అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ పాథాలజిస్ట్స్ 1922లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం అదే దశకంలో ఈ విద్యకు డిగ్రీ కోర్సు పెట్టింది. ల్యాబు పనివారి అర్హతలు చూసి పత్రం ఇవ్వడానికి పాథాలజిస్టుల సంఘం 1928లో బోర్డ్ ఆఫ్ రిజిస్ట్రీని ఏర్పాటు చేసింది. మొదట్లో హైస్కూలు చదువు, కొంత పాఠం, కొన్ని నెలల ల్యాబు అనుభవం ఉంటే సరిపోయేది. 1930లలో రాతపరీక్ష వచ్చింది. కాలేజీ చదువు ఎంతుండాలన్న షరతు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ డిగ్రీ దాకా వచ్చింది. మూడేళ్లు కాలేజీలో, నాలుగో ఏడు ఆసుపత్రిలో గడిపే పద్ధతి ఒకటి. డిగ్రీ ముగించుకుని ఆ ఏడాది విడిగా చేసే పద్ధతి మరొకటి. రెండూ ఇప్పటికీ ఉన్నాయి.

పత్రం ఇచ్చే అధికారం పాథాలజిస్టుల చేతిలోనే ఉండటం ల్యాబు పనివారికి నచ్చలేదు. పత్రం పొందినవారు వైద్యుడి పర్యవేక్షణలోనే పనిచేయాలి, సొంతంగా రోగ నిర్ధారణ చెప్పకూడదు అన్నవి అప్పటి నియమాలు. ఈ రెండో నియమంలో న్యాయం ఉంది. కానీ తమ వృత్తి ప్రమాణాలను తాము నిర్ణయించుకోలేకపోవడం చిన్న లోటు కాదు. 1933లో వారు సొంత సంఘం పెట్టుకున్నారు. కోర్సులకు గుర్తింపునిచ్చే స్వతంత్ర సంస్థ నాక్ల్స్ 1973లో వచ్చింది. పాథాలజిస్టులతో సంబంధం లేని ధ్రువీకరణ సంస్థ ఒకటి 1977లో మొదలైంది. దాంతో ఒకే పనికి రెండు పత్రాలు, రెండు పేర్లు. 2009లో ఆ రెండు ధ్రువీకరణ వ్యవస్థలూ కలిసి బోర్డ్ ఆఫ్ సర్టిఫికేషన్‌గా ఏర్పడ్డాక 'మెడికల్ లేబొరేటరీ సైంటిస్ట్' అన్న పేరు స్థిరపడింది.

ఈ శిక్షణకు ప్రాణం ఆసుపత్రిలో గడిపే ఏడాది. హెమటాలజీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బ్లడ్ బ్యాంకు అంటూ ఒక్కో విభాగంలో కొన్ని వారాలు ఉంటారు. స్లైడు మీద రక్తపు బొట్టు పెట్టి, మరో స్లైడును వాల్చి ఒక్క ఊపున లాగితే పూత చివర ఈకలా పలచబడాలి. మొదటి రోజుల్లో అది గడ్డకట్టినట్టు మందంగానో, చారలు చారలుగానో వస్తుంది. రంగు వేసి, మైక్రోస్కోపు కింద నూరు తెల్లకణాలను రకాలవారీగా లెక్కపెట్టాలి. అదే స్లైడును నేర్పేవారు కూడా లెక్కపెట్టి పోల్చి చూస్తారు. కణాలను యంత్రాలు లెక్కించడం 1950లలోనే మొదలైనా, అనుమానం వచ్చిన నమూనాకు ఈ కన్ను ఇప్పటికీ కావాలి. లుకేమియా కణాన్ని లింఫోసైటు అనే మామూలు తెల్లకణం అనుకుని దాటేస్తే నష్టపోయేది రోగి.

చదువు ముగిశాక రాసే పరీక్షలో 100 ప్రశ్నలు, రెండున్నర గంటల సమయం. కంప్యూటరు మీద సరైన జవాబు పెడితే తరువాతి ప్రశ్న కష్టమవుతుంది. 999 వరకు ఉండే స్కేలులో 400 వస్తే పాస్. పత్రం చెల్లుబాటు కావాలంటే మూడేళ్లకోసారి చదువు కొనసాగించినట్టు చూపాలి.

ప్రభుత్వ నియంత్రణ ప్రాణనష్టం చూశాక బిగిసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును పట్టే పాప్ స్మియర్లను కొన్ని ల్యాబులు మోయలేనన్ని స్లైడ్లతో హడావిడిగా చూసి, క్యాన్సరును పట్టలేకపోయిన సంగతిని 1987లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. 1967 నాటి చట్టం స్థానంలో 1988లో కొత్త ల్యాబు చట్టం వచ్చింది. అది కూడా ఈ ధ్రువీకరణ పత్రాన్ని తప్పనిసరి చేయలేదు. న్యూయార్క్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత లైసెన్సు అడుగుతాయి. మిగతాచోట్ల ఆసుపత్రులే పత్రం ఉన్నవారిని కోరుకుంటాయి.

అమెరికా బయట చదివినవారికి ఇదే బోర్డు అంతర్జాతీయ ధ్రువీకరణ ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ల్యాబు టెక్నాలజీ డిగ్రీ చేసి అమెరికాలో పని వెతుక్కునేవారు ముందుగా తమ చదువును మూల్యాంకనం చేయించుకుని, అర్హత ఉంటే ఈ పరీక్ష రాయాలి. పాసైనా రాష్ట్ర లైసెన్సు, వీసా దానితో రావు. వాటికి వేరుగా దరఖాస్తు చేసుకోవాలి.