హట్టి బంగారు గని – ఒకప్పటి మన గని

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పెన్షనరు మిత్రులారా!

రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గని ఒకప్పుడు మన హైదరాబాదు సంస్థానానిది. అక్కడ పూర్వులు బండను మంటతో కాల్చి, పగులగొట్టి, 600 అడుగులకు మించి తవ్వారు. నిజాం కాలంలో తిరిగి సాగిన పని 1920లో ఆగిపోయింది. అంతకుముందే, 1915లో, బంగారం వెదికే ఇంజనీరు బీడన్‌కు దగ్గరలోని మస్కిలో ఒక శాసనం కనబడింది. దేవానాంప్రియుడంటే అశోకుడేనని తేల్చిన తొలి శాసనం అదే!

1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. కంపెనీ పేరులో హైదరాబాదు పోయి హట్టి వచ్చింది. నేటికీ అక్కడ బంగారం తీస్తున్నారు.

గని ఉన్నచోటనే ఉంది, మారినవి కాగితాలే. కాగితాల మధ్యనే సర్వీసు గడిపిన మనం ఈ సంగతి మనవలకు చెప్పకపోతే మరెవరు చెబుతారు?